ఱంపపు గాలిమర

హాలండు పల్లపు దేశము. అందు అనేక భాగములు సముద్రమట్టము కంటెను దిగువన ఉన్నవి. అచ్చట కొండలు లేవు. చెప్పదగిన మహారణ్యములు లేవు. ఇల్లు కట్టవలెనన్నను, ఓడ నిర్మింపవలెనన్నను, సముద్రమునకు అడ్డుగట్ట వేయవలెనన్నను ఆ దేశస్థులు కలపను పరదేశముల నుండి కొనితెచ్చుకొనవలసినదే. నార్వే నుండియు, బాల్టిక్ సముద్రతీరముల నుండియు దుంగలు ఓడలపై వచ్చెడివి. మన భద్రాచల ప్రాంతపు కలప ఒకప్పుడు తెప్పలుగా గోదావరిపై రాజమహేంద్రవరమునకు దిగివచ్చినట్లే, జర్మనీ అడవులలో నఱకిన మ్రాకులు రైన్ నదిపై తెప్పలుగా దిగివచ్చెడివి. ఆ దేశమునకు కలప ఎంత కావలసి వచ్చెడిదో తెలిసికొనుటకు ఒక్క ఉదాహరణము చాలును. ఆమ్‌స్టర్‌డాం నగరమున 1648లో కట్ట మొదలిడిన పురమందిరము నేడు రాజభవనమై యున్నది. ఆ భవనము బురదనేలలో దిగగొట్టిన 13,659 కొయ్య స్తంభములపై నిలిచియున్నది.

ఇట్లు అడవులు లేని ఈ దేశమే పదునేడవ శతాబ్దమున ఐరోపాలో కలప కోతకు ప్రధానస్థాన మయ్యెను. ఆమ్‌స్టర్‌డాంకు ఉత్తరమున జాన్ అను చిన్న నది కలదు. ఆ నదీతీరమున రేయింబవళ్లు ఱంపముల మ్రోత వినబడుచుండెడిది. ఆ ఱంపములను ఆడించినది మనుష్యుని చేయి కాదు, సముద్రము మీదినుండి వీచు గాలి.

గాలికి ఈ పని అప్పగింపక పూర్వము దుంగను పలకలుగా కోయుట ఇద్దరు మనుష్యుల పని. తెలుగుదేశపు పల్లెలలోను కోతమిల్లులు వ్యాపించువరకు ఈ పద్ధతియే యుండెను. దానిని కన్నులార చూచిన వృద్ధులు పలువురు కలరు. దుంగను ఎత్తైన కొయ్యల ఊతపై ఏటవాలుగా నిలిపెదరు. లేదా నేలలో లోతైన గుంట త్రవ్వి దానిపై అడ్డముగా పరచెదరు. నూలుత్రాటిని బొగ్గునీటిలోనో, కావిలోనో ముంచి, దుంగ ఈ కొననుండి ఆ కొనవఱకు బిగించి పట్టి, నడుమ పైకెత్తి విడిచినచో తిన్నని గీత పడును. పిదప ఒకడు దుంగపైకి ఎక్కును. రెండవవాడు క్రింద నిలుచును. నిలువెత్తు ఱంపమును ఒకడు పైకి లాగగా, ఒకడు క్రిందికి లాగును.

చూచువారికి ఇది బలముతో కూడిన పనియే అని తోచును గాని, ఇందలి నేర్పు అల్పమైనది కాదు. పైవాని కన్ను గీతను వీడరాదు. దుంగలో ముడి ఎచ్చట దాగినదో, పోగు ఏ వైపునకు మెలిక తిరిగినదో అతడు ఱంపపు నడకనుబట్టి గ్రహింపవలెను. ఱంపము గీతను తప్పినదా, పలక ఒక ప్రక్క మందమై, ఒక ప్రక్క పలుచనై చెడిపోవును. క్రిందివాని బాధ వేఱు. ఱంపము కోయునది క్రిందికి దిగునప్పుడే. కావున ఎక్కువ బలము పెట్టవలసినవాడు అతడే. కోసినకొలది పొట్టు అతని కన్నులలోను, ముక్కులోను, మెడమీదను రాలుచుండును. ఇంగ్లండులో పైవానికి ‘టాప్ సాయర్’ అని పేరు. కాలక్రమమున ఆ మాటకు ‘గొప్పవాడు’ అను అర్థమే వచ్చెను. క్రిందివాని పేరుకు అట్టి గౌరవము ఏదియు దక్కలేదు.

ఒక దుంగనుండి పది పలకలు తీయవలెనన్న పదునొకండు కోతలు కోయవలెను. ప్రతి కోతయు దుంగ పొడవునను సాగవలెను. ఒక పెద్ద ఓడకు కావలసిన పలకలు వేలకొలది. హాలండులో ఓడల నిర్మాణము పెరుగుచున్న ఆ దినములలో చేతికోత పనివారు ఎందఱున్నను చాలకుండిరి.

ఈ స్థితిలో ఔట్‌హేస్ట్ అను గ్రామమునందలి కార్నేలిస్ కార్నేలిస్‌జోన్ అను రైతు ఒక ఉపాయము పన్నెను. గాలిమర ఆ దేశమునకు క్రొత్త కాదు. ధాన్యము విసరుటకును, పల్లపు పొలములలో నిలిచిన నీటిని తోడుటకును అచ్చటివారు దానిని తరతరములుగా వాడుచుండిరి. నీటిపాటు బలముతో ఱంపమును ఆడించుటయు ఐరోపాలోని కొండసీమలకు తెలిసినదే. అయితే హాలండులో పైనుండి పడు నీరు లేదు. ఉన్నది గాలి యొక్కటే. గాలిమర ఱెక్కలు గుండ్రముగా తిరుగును. తిరుగలిరాతికి అదియే చాలును. ఱంపమునకో, పైకిని క్రిందికిని ఆడు కదలిక కావలెను. తిరుగుడును ఆటగా మార్చుట యెట్లు? సమస్య అంతయు ఇచ్చటనే యున్నది.

కార్నేలిస్ ఇనుప ఇరుసును తిన్నగా నుంచక, నడుమ నడుమ మోచేతివలె వంపులు పెట్టించెను. ఇరుసు తిరుగునప్పుడు ఆ వంపు ఒకమారు పైకి లేచును, ఒకమారు క్రిందికి దిగును. ఆ వంపునకు ఒక కొయ్యకాడను తగిలించి, కాడ రెండవ కొనకు ఱంపపు చట్రమును వ్రేలాడదీసినచో, ఇరుసు తిరిగినంతసేపు చట్రము ఆడుచుండును. కుట్టుమిషను చక్రమును చేతితో త్రిప్పుచు సూదివంక చూచినవారికి ఈ సంగతి వెంటనే బోధపడును. చక్రము గుండ్రముగా తిరుగును, సూది పైకిని క్రిందికిని పోవును. ఈ వంపుటిరుసునే నేడు క్రాంకు అందురు. మోటారుబండి యంత్రములో జరుగునది దీనికి ప్రతిలోమము. అచ్చట ముషలకము ముందునకును వెనుకకును ఆడగా క్రాంకు గుండ్రముగా తిరుగును.

1593వ సంవత్సరము డిసెంబరులో హాలండు పాలకసభ కార్నేలిసునకు ఈ మరను నిర్మించుటకు ప్రత్యేకాధికారపత్రము నొసగెను. క్రాంకును గూర్చి 1597లో అతనికి మఱియొక పత్రము లభించెను. అతడు మొదట కట్టిన మర చిన్నది. అది తెప్పపై నిలిచినది. గాలి ఏ దిక్కునుండి వీచిన ఆ దిక్కునకు తెప్పను త్రిప్పి ఱెక్కలను గాలికెదురుగా నిలిపెడివారు. దానికి ‘చిన్న దొరసాని’ అను అర్థము వచ్చు పేరుండెను. 1596లో ఆ దొరసాని నీటిమీదనే ప్రయాణము చేసి జాన్ నది యొడ్డున నున్న జాన్‌డాం ఊరు చేరెను.

ఆ తరువాతి వందయేండ్లలో ఈ మర ఎంతో పెరిగినది. పూర్తిగా రూపుదాల్చిన జాన్ ప్రాంతపు ఱంపపు గాలిమరను లోపలికి పోయి చూచినచో ఆ పనివారి తెలివి ఎంతటిదో తెలియును.

మర ప్రక్కన నీటిమడుగు ఉండును. పరదేశములనుండి వచ్చిన దుంగలను వెంటనే కోయరు. మాసముల తరబడి ఆ మడుగులో నానవేయుదురు. నీరు చెట్టులోని పసరును క్రమముగా కడిగివేయును. అట్లు నానిన కలప పిదప తక్కువగా పగులును. పురుగు త్వరగా పట్టదు. కోతకు వంతు వచ్చిన దుంగను పొడవైన కొక్కెపుకఱ్ఱతో నెట్టుచు ఏటవాలు బల్ల దగ్గరకు తెత్తురు. అచ్చటినుండి దానిని మరలోనికి లాగుటకును మనుష్యుని బలము అక్కఱలేదు; గాలితో తిరుగు దొర్లుడుకొయ్యకు మోకు చుట్టి లాగింతురు.

లోపల మూడు ఱంపపు చట్రములు వరుసగా నిలిచియుండును. ఒక్కొక్క చట్రములో ఒక ఱంపమే కాదు, అవసరమును బట్టి పది పండ్రెండు ఱంపములను సమాంతరముగా బిగింపవచ్చును. వాని నడుమ కొయ్యముక్కలు పెట్టి ఎడమును నిర్ణయింతురు. రెండంగుళముల పలక కావలెనన్న రెండంగుళముల ముక్క, మూడంగుళములదైనచో మూడంగుళముల ముక్క. దుంగ ఒక్కమారు ఆ చట్రమును దాటినచో పలకలన్నియు ఒకేసారి తెగివచ్చును. చేతికోతలో పదునొకండు మారులు చేయవలసిన పని ఇచ్చట ఒక్క నడకలో ముగియును.

క్రాంకుకు మూడు వంపులను ఒకే దిశలో పెట్టక, వృత్తమును మూడు సమభాగములు చేసి పెట్టుదురు. ఒక చట్రము పైనున్నప్పుడు, వేఱొకటి దిగుచుండును, ఇంకొకటి లేచుచుండును. మూడును ఒక్కమారు కోతకు దిగినచో ఆ బరువునకు ఱెక్కలు తడబడును. మర యంతయు అదరును. ఇట్లు పంచిపెట్టుటచే బరువు ఎల్లప్పుడును సమముగా నుండును.

అన్నిటికంటెను మెచ్చుకొనదగినది దుంగను ముందునకు జరుపు ఏర్పాటు. దుంగ పొడవైన కొయ్యబండిపై ఇనుప కొక్కెములతో బిగింపబడి యుండును. బండిని లాగుటకు అంచున పండ్లు గల ఇనుపచక్ర మొకటి కలదు. ఱంపపు చట్రము ఆడినప్పుడెల్ల ఒక మీట కదలి, దాని కొనయందలి కొక్కెము ఆ చక్రమును ఒకటి రెండు పండ్ల మేర త్రోయును. బండి కొంచెము ముందునకు జరుగును. మరల కోత, మరల జరుగుడు. గాలి హెచ్చినచో ఱంపములు వేగముగా ఆడును; అంతే వేగముగా దుంగయు ముందునకు వచ్చును. గాలి తగ్గినచో రెండును కలిసియే మందగించును. ఒకదానికొకటి ఎదురు చూడవలసిన పని లేదు. మనుష్యుడు నిలిచి హెచ్చరింపకయే పని తన వేగమును తానే దిద్దుకొను యంత్రములు నాలుగువందల యేండ్ల క్రిందట ఎక్కువగా లేవు.

ఇక్కడ ఒక సందేహము కలుగవచ్చును. ఇంత పని మరయే చేయుచుండగా మనుష్యుడు చేయవలసినది ఏమి?

అతనికి బరువు తగ్గినది గాని జాగరూకత తగ్గలేదు. మొదట, గాలిని కనిపెట్టవలెను. ఱెక్కలపై తెరచాపగుడ్డ పఱచియుండును. గాలి సన్నగా నున్నప్పుడు గుడ్డను పూర్తిగా విప్పవలెను. బలముగా నున్నప్పుడు చుట్టవలెను. ఇందుకై మరను ఆపి, ఒక్కొక్క ఱెక్కను క్రిందికి తెచ్చి, దానిపైకి నిచ్చెన ఎక్కినట్లు ఎక్కవలెను. గాలి దిక్కు మారినప్పుడు మర తలభాగమును త్రిప్పి ఱెక్కలను ఎదురు నిలుపవలెను. ‘పాల్ట్‌రాక్’ అను వేఱొక జాతి మరలో తలభాగమే కాదు, ఇల్లంతయు తిరుగును. ఇటుకగోడపై వలయముగా అమర్చిన దొర్లుడుకొయ్యల మీద ఆ కట్టడము మొత్తము, లోని దుంగలతోను పనివారితోను కూడ, గాలికి ఎదురుగా తిరిగి నిలుచును. అంచులు వెడల్పై పాతకాలపు పెద్ద అంగీవలె కనిపించుటచే దానికి ఆ పేరు వచ్చెను.

తుఫాను అకస్మాత్తుగా వచ్చినచో ప్రాణాపాయము. ఱెక్కల ఇరుసుపై నున్న పెద్ద చక్రమును కొయ్యముక్కల పట్టీతో ఒరసి ఆపవలెను. ఆపకున్న మర విఱిగిపోవును. మిక్కిలి గట్టిగా ఆపబోయినచో ఒరపిడికి కొయ్య వేడెక్కి నిప్పురవ్వలు లేచును. చుట్టును ఎండిన కలప, క్రింద పొట్టు. అందుచే మబ్బు నలుపు చూచి ముందుగానే ఎప్పుడు గుడ్డ చుట్టవలెనో ఎరిగినవాడే మంచి మరకాపరి.

రెండవది, ఱంపముల పదును. పండ్లను ఆకురాయితో తరచుగా అరగదీయవలెను. ఒక పన్నును కొంచెము కుడికి, మఱొకదానిని కొంచెము ఎడమకు వంచవలెను. ఇట్లు చేయనిచో కోసిన సందులో ఱంపము పట్టుకొనిపోవును. ఎక్కువగా వంచినచో సందు వెడల్పై కలప పొట్టుగా వృథా యగును. ఈ కొలత పుస్తకములో లేదు, చేతిలో ఉన్నది. మూడవది, చప్పుడు. ఱంపము సాఫీగా కోయునప్పటి మ్రోత ఒకటి, ముడి తగిలినప్పటిది ఒకటి. దుంగలో పాతమేకు దాగియున్నచో వినబడు కీచుశబ్దము మఱొకటి. పనివాడు ఆ శబ్దము విన్న క్షణముననే మరను ఆపకున్న ఆ వరుస ఱంపముల పండ్లన్నియు రాలిపోవును. ఇరుసు ఆనియున్న చోట పందిక్రొవ్వు పూయవలెను. కొయ్యచక్రముల పండ్లకు తేనెమైనము రాయవలెను. గాలి రాత్రి వీచిన రాత్రియు పని, పగలు పడిపోయిన పగలు విశ్రాంతి. పనివాని దినచర్యను నిర్ణయించినది గడియారము కాదు.

ఈ మరలకు మనుష్యులకు వలె పేర్లుండెడివి. జాన్ తీరమున నేటికిని నిలిచియున్న గాలిమరలలో ఒకటి ‘పిల్లి’, ఒకటి ‘వెదకువాడు’. ఇవి రంగులు నూరినవి, నూనె తీసినవి. ఱంపపు మరలలో ఒకదాని పేరు ‘కుఱ్ఱగొఱ్ఱె’. ఱెక్కలను ఆపి నిలిపిన తీరునుబట్టి ఊరివారికి వార్త తెలిసెడిది. పైకి రాబోవు ఱెక్క నిట్టనిలువు స్థానమునకు కొంచెము ఇవతల ఆగియున్నచో ఆ యింట పెండ్లియో, పుట్టుకయో. అది దాటి కొంచెము ఆవల ఆగియున్నచో చావు. చదునైన ఆ దేశమున ఈ గుఱుతు ఎంతో దూరమునకు కనిపించెడిది.

ఒక లెక్క ప్రకారము, అరువది దుంగలను చేతితో కోయుటకు నూటయిరువది దినములు పట్టగా గాలిమర నాలుగైదు దినములలో ముగించెడిది. ఇంతటి లాభమును చూచి అందఱును సంతోషించిరి అనుకొనుట పొరపాటు. ఆమ్‌స్టర్‌డాం నగరములో చేతికోత పనివారికి బలమైన సంఘముండెను. వారు తమ నగరమున ఱంపపు గాలిమరలను చాలకాలము రానీయలేదు. జాన్ ప్రాంతమున అట్టి కట్టుబాట్లు లేకుండుటచే మరలు అచ్చట వెలసెను. పదునెనిమిదవ శతాబ్దపు తొలిభాగమున ఆ చిన్న నదీతీరమున రెండువందలకు మించిన ఱంపపు మరలు పని చేయుచుండెను. రుష్యా చక్రవర్తి పీటరు ఓడల నిర్మాణము నేర్చుకొన గోరి 1697లో మారుపేరుతో జాన్‌డాంకు వచ్చి, ఒక కమ్మరి యింట బస చేసెను. జనము గుర్తుపట్టి గుమిగూడుటచే ఆయన కొలది దినములలోనే ఆమ్‌స్టర్‌డాంకు తరలిపోవలసి వచ్చెను.

ఈ కలప కథకు తెలుగుతీరముతోను సంబంధమున్నది. డచ్చివారి తూర్పు ఇండియా కంపెనీ 1602లో ఏర్పడెను. 1606 నాటికే వారు మచిలీపట్టణమున వర్తకస్థానమును నెలకొల్పిరి. కలంకారి వస్త్రములకై, నూలుబట్టలకై ఏటేట ఆ రేవునకు వచ్చిన ఓడలు గాలిమరలు పలకలు కోసియిచ్చిన దేశమున నిర్మింపబడినవే. తెలుగువారు ఆ వర్తకులను వలందావారనిరి. మచిలీపట్టణములో వలందపాలెము అను పేట పేరు ఇప్పటికిని వారిని తలపించుచున్నది. భీమునిపట్టణమున వారి సమాధులు నిలిచియున్నవి.

ఆమ్‌స్టర్‌డాం పనివారు చేసిన ప్రతిఘటన ఇంగ్లండులో మఱింత తీవ్రమైన రూపమున బయటపడెను. అచ్చట చేతికోతయే చిరకాలము సాగినది. ఛార్లెస్ డింగ్లీ అను వర్తకుడు లండను నగరపు తూర్పుభాగమున లైమ్‌హౌస్ అను చోట డచ్చి పద్ధతిలో ఒక ఱంపపు గాలిమరను కట్టించెను. అది 1768వ సంవత్సరము. రొట్టె ధర పెరిగియుండెను. నావికులు, బొగ్గు దించు కూలీలు కూడ కూలిరేట్లకై ఆందోళన చేయుచుండిరి. మే నెల 10వ తేదీన సుమారు ఐదువందలమంది కోతపనివారు గుంపుగా వచ్చి ఆ మరను ధ్వంసము చేసిరి.

ఆ చర్యను ప్రభుత్వము క్షమింపలేదు. మరుసటి సంవత్సరము, 1769లో, మరలను ధ్వంసము చేయుటను ఘోరనేరముగా నిర్ణయించుచు పార్లమెంటు శాసనము చేసెను. చరిత్ర వ్రాసినవారిలో కొందఱు ఆ కోతపనివారిని మూఢులనిరి. ఆ మాట న్యాయముగా తోచదు. వారికి మర ఏమి చేయునో బాగుగా తెలియును. అది తమ పనిని ఎంత చక్కగా చేయగలదో తెలిసినందుననే వారు భయపడిరి. పలక చౌకయైనచో దేశమునకు లాభము. ఆ లాభము ఎప్పటికో, ఎవరికో వచ్చును. పని పోయిన కుటుంబమునకు ఆకలి ఆ రాత్రికే వచ్చును. ఆ రెంటికిని నడుమ వంతెన వేయవలసిన బాధ్యతను ఆనాటి పాలకులు తలకెత్తుకొనలేదు. మరకు కావలి పెట్టిరి గాని మనిషికి పెట్టలేదు. హింస తగదనుటలో సందేహము లేదు. అయినను గుంటలో నిలిచి కన్నులలో పొట్టు పడుచుండగా పిల్లలను పోషించినవాని కోపమును అర్థము చేసికొనకయే తీర్పు చెప్పుట సులభము.

గాలిమరకును తన వంతు వచ్చెను. ఆవిరియంత్రమునకు గాలితో పని లేదు. 1777లో ఇంగ్లండులో శామ్యూల్ మిల్లర్ అనునతడు గుండ్రని ఱంపమునకు హక్కుపత్రము పొందెను. 1802 మొదలు 1806 వఱకు పోర్ట్‌స్మత్ నౌకాశాలలో, ఫ్రాన్సులో జన్మించిన మార్క్ బ్రూనెల్ యోచన ప్రకారము, ఓడల త్రాళ్లకు కావలసిన కొయ్య కప్పీలను చేయు యంత్రములు నెలకొల్పబడెను. మొత్తము నలువదియైదు యంత్రములు. నూటపదిమంది నేర్పరులు చేయు పనిని పదిమంది సామాన్యులు చేయసాగిరి. 1808వ సంవత్సరములో అచ్చట 1,30,000 కప్పీలు తయారయ్యెను. ఆ యేడే విలియమ్ న్యూబెరీ అను ఆంగ్లేయుడు పట్టీఱంపమునకు హక్కు పొందెను. రెండు చక్రములపై ఎడతెగక తిరుగు ఉక్కుపట్టీ అది. మన పట్టణములలోని కోతమిల్లులలో కనిపించునది దీని సంతతియే. అయితే అతని కాలమున ఆ పట్టీ అతుకు వద్ద తెగిపోవుచుండెను. చాలకాలమునకు, 1846లో, క్రెపాఁ అను ఫ్రెంచి స్త్రీ అతుకు వేయు మంచి పద్ధతిని కనుగొనిన పిమ్మట అది వాడుకకు అనువయ్యెను.

ఈ క్రొత్త ఱంపములకు వేగము ఎక్కువ, దయ తక్కువ. చట్రపు ఱంపము నెమ్మదిగా లేచి దిగును. చేయి వెనుకకు తీసికొనుటకు వ్యవధి యిచ్చును. గుండ్రని ఱంపము తిరుగునప్పుడు పండ్లు కంటికి కనిపింపవు; అంచు పొగవలె తోచును. దానియొద్ద పని చేసి వ్రేళ్లు కోల్పోయినవారు ప్రతి దేశమునను ఉన్నారు. ఱంపమునకు పై కప్పు బిగించుట, తిరుగు పట్టీలకు అడ్డుకంచె వేయుట వంటి రక్షణలు చట్టములో చేరుటకు ఎన్నో చేతులు నష్టపోవలసి వచ్చెను. కార్నేలిస్ మరలో ప్రమాదము లేదని కాదు. ఱెక్క తగిలి చచ్చినవారు గాలిమరల దేశములో అన్ని కాలములలోను కలరు.

పందొమ్మిదవ శతాబ్దమున జాన్ తీరమునకు ఆవిరి ప్రవేశించెను. ఒక్కొక్క గాలిమరయే మూతపడెను. కొన్ని కాలిపోయెను, కొన్నిటిని కొయ్యకై విప్పి అమ్ముకొనిరి. శతాబ్దముల కాలములో ఆ ప్రాంతమున వెలసిన గాలిమరలు వేయికి మించి యుండగా, నేడు మిగిలినవి ఒక డజనుకు కొంచెము అటు నిటు. మొదట చేతిఱంపమును తోసివేసిన మరనే మఱొక మర ఇట్లు తోసివేసినది.

‘కుఱ్ఱగొఱ్ఱె’ కథ ఇచ్చట చెప్పదగినది. అది 1680లో కట్టిన ఆరుపలకల ఱంపపు గాలిమర. రెండువందల అరువది యేండ్లకు పైగా నిలిచి శిథిలమై, 1942లో పడగొట్టబడెను. అప్పుడు హాలండు జర్మనుల ఆక్రమణలో నుండెను. దేశమునకే దిక్కు తోచని ఆ దినములలో ఒక పాత ఱంపపు మరను గూర్చి చింతించు తీరిక ఎవరికి ఉండును? ఆంటన్ సిప్మన్ అను గాలిమరల నిపుణునకు ఉండెను. మరను పడగొట్టుటకు ముందే అతడు దానిని భాగము భాగముగా కొలిచి పటములు గీసెను. మర పోయినది, కాగితములు మిగిలెను.

ఆ పటములను ముందుంచుకొని జాన్ ప్రాంతపు గాలిమరల అభిమానులు ‘కుఱ్ఱగొఱ్ఱె’ను మరల కట్టిరి. జాన్సె స్ఖాన్స్ అను చోట 2007లో అది తిరిగి నిలిచెను. పూర్వమునకు వలెనే ఆరు పలకల కట్టడము, తెరచాపగుడ్డ ఱెక్కలు, వంపుల ఇరుసు, పండ్ల చక్రము. అది చూచుటకు మాత్రమే నిలిపిన బొమ్మ కాదు. దుంగలను కోసి పలకలు చేయుచున్నది. ఇట్టి మరలను నడుపు విద్య అంతరింపకుండుటకై క్రొత్తవారికి శిక్షణ యిచ్చుచున్నారు. గాలిమరలను, నీటిమరలను నడుపు డచ్చివారి నేర్పును 2017లో యునెస్కో మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చెను.

అచ్చట పని మొదలిడు పద్ధతి కార్నేలిస్ నాటిదే. ఉదయమున పనివాడు ముందుగా ఆకాశమును చూచును. గుడ్డ ఎంత విప్పవలెనో నిశ్చయించును. ఇరుసునకు క్రొవ్వు పూసి, చట్రములోని ఱంపములను ఒక్కొక్కదానినే వ్రేలితో తాకి బిగువు పరీక్షించును. పిదప ఆపుపట్టీని విడుచును. ఱెక్కలు మెల్లగా కదలును, క్రాంకు లేచును, మొదటి చట్రము దిగును, రెండవది, మూడవది. బండిపైని దుంగ ఒక పన్ను మేర ముందునకు జరుగును. నడిమధ్యలో గాలి పడిపోయినచో అంతయు నిలిచిపోవును. దుంగ సగము పలకలుగా, సగము దుంగగానే ఱంపములను కఱచిపట్టుకొని యుండును. పనివాడు ఆకురాయి తీసికొని ప్రక్కనున్న పాత ఱంపమునకు పదును పెట్టుచు కూర్చుండును.